నిఖత్ జరీను: బలాబలముల విచారణ

2025 నవంబరు మాసమున గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగు కప్పు తుదిపోటీలయందు నిజామాబాదు యువతి నిఖత్ జరీను 51 కిలోల తరగతిలో తైవాను క్రీడాకారిణి గువో యీ-షువాన్‌ను 5-0గా నోడించి స్వర్ణపతకము గైకొనెను. మఱునాటి యుదయమున మా పట్టణపు పఠనమందిరములో పత్రికల చుట్టును మూగిన పెద్దలలో నిరువురికి వాదము పెరిగినది. ఒకరు లాస్ ఏంజిలిస్ ఒలింపిక్కుల స్వర్ణము నప్పుడే మన పెట్టెలో బెట్టి తాళము వేసిరి. రెండవవారు, రెండు నెలల క్రిందటనే లివర్‌పూలు ప్రపంచపోటీలలో నామె క్వార్టరుఫైనలునందే యోడిన మాట యెత్తి, ఇరువదితొమ్మిదేండ్లు నిండిన పిమ్మట నిక నెక్కుట లేదు, దిగుటయే యని తేల్చిరి. నన్ను మధ్యవర్తిగా నుండుమనిరి. విచారింపగా, ఇరువురిలో నెవరును ఆమె పోటీ నొక్కదానినైనను మూడు విడతలును కుదురుగా కూర్చుండి చూచినవారు కారని తెలియవచ్చినది. ఫలితమును విన్నారు, నడక చూడలేదు. తీర్పులోని తుదివాక్యమును మాత్రము చదివి వ్యాజ్యమంతయు తెలిసినట్లు మాటలాడు కక్షిదారులను నిత్యము చూచుచుండు నాకు వారిపై కోపము రాలేదు. కాని యామె విషయమున మన పాఠకలోకమంతయు నిట్లే యున్నదిగదా యను చింత మాత్రము కలిగినది.

పొగడ్త యామెకు కొదువ లేదు. ఓడిన దినమున తెగడ్తయు కొదువ లేదు. కొదువయైనది తూనిక. ఈ తూనిక యిప్పుడు కావలసిన కారణమొకటి గలదు. బాక్సింగునందు భారతదేశమునకు లభించిన ఒలింపిక్ పతకములు మూడే: 2008లో బీజింగున విజేందర్ సింగునకు, 2012లో లండనున మేరీ కోమునకు, 2021లో జరిగిన టోక్యో పోటీలలో లవ్‌లీనా బోర్గొహేనునకు. మూడును కాంస్యములే. అనగా నీ దేశపు మల్లు డొక్కడును, మల్లురా లొక్కతెయు ఒలింపిక్ ఫైనలు బరిలో నడుగిడి యెరుగరు. 2025లో లివర్‌పూలున జైస్మిన్ లంబోరియా, మీనాక్షి ప్రపంచవిజేతలైన పిమ్మట ఆ బరికి జేరగలవారిలో నిఖత్ పేరొక్కటియే యని చెప్పుట న్యాయము కాదు. అయినను రెండుమారులు ప్రపంచవిజేతయై, పారిసున పతకము లేక మరలివచ్చి, ఇంకను పోరాడుచున్న యీమె విషయమున లెక్కలు సరిచూచుకొనుట కిది సమయము. 2028 జూలైలో ఆ క్రీడలు జరుగునాటి కామెకు ముప్పదిరెండేండ్లు నిండియుండును. ఆపై మఱియొక యవకాశ ముండునని నమ్ముట కష్టము.

మొదట అంకెల సంగతి. 5-0 యనగానే ఫుట్‌బాలులో నైదు గోలులు వేసి యెదిరిని సున్నకు కట్టివేసినట్లు మనవా రనుకొందురు. అట్లు కాదు. బరి చుట్టును ఐదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుందురు. ఒక్కొక్కటి మూడేసి నిమిషములు గల విడతలు మూడు. ఒక్కొక్క విడతలో మేలుగా పోరాడినవారికి 10, రెండవవారికి 9 గాని యంతకు తక్కువగాని ప్రతి న్యాయనిర్ణేతయు ఇతరులతో సంప్రతింపక వేయును. మూడు విడతల మొత్తమున నెవ రధికులైన ఆ న్యాయనిర్ణేత సమ్మతి వారిది. ఐదు సమ్మతులు నొకవైపు పడినచో 5-0. ధర్మాసనము ఏకగ్రీవమైనంత మాత్రమున వ్యాజ్యము సులభముగా గెలువబడినదని యే వకీలును అనడు.

2022 మే 19వ తేదీన ఇస్తాంబులునందు 52 కిలోల ఫైనలులో నిఖత్ థాయిలాండునకు చెందిన జిట్‌పాంగ్ జుటామాస్‌ను 5-0గా నోడించి ప్రపంచవిజేత యయ్యెను. ఆనాటి లెక్కలను తెచ్చి చూడుడు: ఇద్దరు న్యాయనిర్ణేతలు 30-27 అనిరి, మువ్వురు 29-28 అనిరి. అనగా మొదటి విడత నందఱును నిఖత్తునకే యిచ్చిరి. రెండవ విడతను మువ్వురు థాయి యువతి కిచ్చిరి. మూడవ విడతలో నిఖత్ మరల పైచేయి సాధించెను. ఆ మువ్వురి లెక్కలలో ఇంకొక్క విడత యటు తిరిగియుండిన యెడల 29-28 తలక్రిందై 28-29 యగును. ఐదుగురిలో మువ్వురు జుటామాస్ పక్షమగుదురు. బంగారము బ్యాంగ్‌కాకునకు పోవును. ఆమె గెలుపును చిన్నచేయుటకై యిది చెప్పుట లేదు. రెండవ విడత చేజారిన పిమ్మట మూడవదానిలో నిబ్బరముగా నిలిచి వ్యాజ్యమును తనవైపు త్రిప్పుకొనుట సామాన్యులకు సాధ్యమగు పని కాదు. నేను చెప్పునది, గెలుపున కోటమికి నడుమ నున్న గోడ మనమనుకొన్నంత మందముగా లేదని. ఇదే కొలబద్దతో నామె ఓటములనుగూడ కొలువవలెను. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో సెమీఫైనలున థాయి యువతి చుతమత్ రక్సత్ చేతిలో 2-3గా నోడినపుడు ఆమె పని సరియని మనవారనిరి. ఐదుగురిలో నొక్కరి మనసు మారియుండిన ఆమెకు హారతులు పట్టియుందురు!

ఇక బలముమాట. ఆమె బలము చేతులలో గాక కాళ్లలో పుట్టినదని నా యభిప్రాయము. నిఖత్ మొదట పరుగుపందెముల పిల్ల. తానును క్రీడాకారుడైన తండ్రి యామెను పరుగున సిద్ధముచేసెను. నిజామాబాదు మైదానమున ముష్టియుద్ధము నేర్చువారిలో నాడుపిల్ల లేకుండుట చూచి, తానేల నేర్వరాదను పట్టుదల యామెకు కలిగినది. శంసముద్దీన్ గారి శిక్షణలో మగపిల్లల నడుమ నేర్చినది. మొదటి దినములలోనే దెబ్బతిన్న ముఖముతో నిల్లు జేరిన కూతురిని జూచి తల్లి, ఇక దీనికి పెండ్లి యెట్లగునని దుఃఖించినదట. బిడ్డయే తల్లిని ఓదార్చినది. 2009లో ఇల్లు విడిచి, తెలుగునాట నీ కొననుండి యా కొనకు విశాఖపట్టణమునకు పోయి, స్పోర్ట్సు అథారిటీవారి శిక్షణాలయమున, ద్రోణాచార్య బహుమానము పొందిన ఐ. వెంకటేశ్వరరావు గారి వద్ద చేరినది. 2011లో, పదునాలుగేండ్లు నిండకమునుపే కాకున్నను పదునైదవయేట, టర్కీ దేశపు అంతాల్యాలో బాలికల ప్రపంచపోటీలయందు స్వర్ణము గెలిచినది.

పరుగుపందెముల కాళ్లు ముష్టియుద్ధమున నేమి చేయునో యామెను చూచినవారికి తెలియును. ఎడమ పాదమును, ఎడమ చేతిని ముందుంచి నిలుచును. ఎదిరి చేయి తనకు తగులని, తన చేయి యెదిరికి తగులగల యొక సన్నని ఎడమును ఆ పాదములు వెదకుకొనును. ఆ యెడము దొరకినదా, ఎడమచేతి సూటిపోటు - జాబ్ అని వారందురు - ముఖమున తగులును. దాని వెంటనే కుడిచేతి పోటు పడును. ఎదిరి బదులిచ్చులోపల నామె యచ్చట నుండదు. కొట్టుట, తొలగుట, మరల కొట్టుట. న్యాయనిర్ణేత కన్నులకు కనబడునట్లు, చేతితొడుగు ముందుభాగముతో, అడ్డములేక తగిలిన దెబ్బకే విలువ గనుక, ఇట్టి యుద్ధము లెక్కలకు మిక్కిలి యనుకూలము. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల ఫైనలున వియత్నాముకు చెందిన నూయెన్ తీ తామ్‌ను గెలిచి రెండవమారు ప్రపంచవిజేత యైనపుడును, అంతకు ముందటి సంవత్సరము బర్మింగ్‌హామునందు కామన్వెల్తు స్వర్ణము గెలిచినపుడును ఆమె చేసిన దిదియే. మేరీ కోము తరువాత ఒకటికంటె నెక్కువ ప్రపంచ స్వర్ణములు గెలిచిన భారతస్త్రీ యీమెయే.

రెండవ బలము మనస్సునకు సంబంధించినది. దానిని గూర్చి న్యాయవాదులు ప్రత్యేకముగా వినవలెను. 2019లో ఒలింపిక్ అర్హతపోటీలకు 51 కిలోల తరగతిలో ఎంపికపోటీ లేకయే మేరీ కోమును పంపుదురను మాట పుట్టెను. మేరీ కోము ఆరుమారులు ప్రపంచవిజేత, దేశమంతటికి పూజ్యురాలు. ఆమెకు ఎదురుగా ఇరువదిమూడేండ్ల పిల్ల నోరెత్తుట అవినయమని యనేకు లనుకొనిరి. నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగముగా లేఖ వ్రాసి, నాకు స్థానము నీయవలదు, పోటీ నీయుడని కోరెను. దయ నర్థింపలేదు, విచారణ నర్థించెను. విచారణ లభించెను: డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలో ఇరువురు పోరాడిరి, నిఖత్ 9-1గా ఓడెను. అడిగి తెచ్చుకొన్న విచారణలో అంత స్పష్టముగా ఓడినవా రెందఱు మరల తలయెత్తి కోర్టు మెట్లెక్కుదురు? 2017లో భుజము తొలగి యేడాదికాలము బరికి దూరమైనప్పుడును ఇట్లే యామె తిరిగివచ్చినది. రెండేండ్ల పిమ్మట ప్రపంచవిజేత యైనది ఆ యోడిన పిల్లయే.

బలమును చెప్పితిని గనుక దోషమును చెప్పుటకు నాకు హక్కు వచ్చినది. ఆమె బలహీనత మఱెక్కడనో లేదు. ఆ బలముయొక్క వెనుకప్రక్కనే యున్నది. ఆమె యుద్ధమంతయు ఎడముపై నాధారపడినది. ఆ యెడము లేనిచోట ఆమె సగము మల్లురాలు. ఎదిరి దెబ్బ తినుటకు సిద్ధపడి, తల వంచుకొని లోనికి జొచ్చి, రొమ్మునకు రొమ్ము తాకునట్లు నిలిచినపుడు, అచ్చట పనికివచ్చునవి కురుచయైన ప్రక్కపోట్లు, క్రిందినుండి గడ్డమునకు లేచు పోట్లు, నడుముపై దెబ్బలు. అట్టి సమయమున నిఖత్ చేతులు కొట్టుటకంటె పట్టుకొనుటకు త్వరపడుచున్నవి. పట్టుకొనుట, త్రోయుట, రిఫరీ వచ్చి విడదీయుట. మరల నెడము దొరకును. ఇది యొకటి రెండుమార్లైన నేర్పు. విడతయంతయు నిట్లే గడచిన యెడల పోరాడుచున్నది ఎదిరియే యని చూచువారికి తోచును, న్యాయనిర్ణేతలును చూచువారే. మాటిమాటికి పట్టుకొనినచో రిఫరీ హెచ్చరించుటయు, ఆపై అంకె తగ్గించుటయు గలదు.

రెండవ దోషము దీనికి చెల్లెలు. మొదటి విడతలో నామె మేలుగా నున్న యెడల ఎదిరి శిక్షకుడు ఆ యొక్క నిమిషపు విశ్రాంతిలో నేమి చెప్పునో యూహించుట కష్టము కాదు: దూరమున నిలువకు, లోనికి పొమ్మనును. కావున రెండవ విడత ఎప్పుడును మొదటి విడతకు ప్రతివాదము. ఆ ప్రతివాదమునకు బదులు సిద్ధముగా లేక యామె రెండవ విడతను పోగొట్టుకొని, మూడవదానిలో శ్వాసను, సాహసమును నమ్ముకొనుట నేను పలుమారులు చూచితిని. ఇస్తాంబులు లెక్కలే యందుకు సాక్ష్యము. మా వృత్తిలో ప్రధానవాదమును గొప్పగా వినిపించి, ఎదుటివకీలు లేచి యడ్డుప్రశ్న వేయగానే కాగితములు వెదకుకొనువా రున్నారు. వారు తెలివిలేనివారు కారు. ఆ ప్రశ్న వచ్చునని యింట సాధన చేయనివారు.

ఈ రెండు సంగతులను పరీక్షించుటకు టర్కీ దేశపు బుసెనాజ్ చాకిరోగ్లుకంటె మంచి గీటురాయి లేదు. టోక్యోలోను, పారిసులోను రజతము గెలిచిన గట్టి మల్లురా లామె. 2021 మార్చిలో ఇస్తాంబులున జరిగిన బాస్ఫరస్ పోటీలో నిఖత్, 2019నాటి ప్రపంచవిజేతయైన రష్యా యువతిని, రెండుమారులు ప్రపంచవిజేతయైన కజకు దేశపు నాజిమ్ కిజాయ్‌బాయ్‌ను వరుసగా నోడించి సెమీఫైనలు జేరి, అచ్చట చాకిరోగ్లు చేతిలో 0-5గా నోడెను. 2022 ఫిబ్రవరిలో బల్గేరియా రాజధానియగు సోఫియాలో స్ట్రాంజా పోటీ సెమీఫైనలున నామెనే 4-1గా గెలిచెను. మూడు నెలల పిమ్మట ప్రపంచవిజేత యయ్యెను. 2025 సెప్టెంబరులో లివర్‌పూలున మరల 0-5. మూడు పోటీలలో రెండు ఓటములు, నడుమ నొక్క గెలుపు. ఈ మూటినుండి నేను తీయు తాత్పర్య మొక్కటే. ఎడమును తానే పాలించుకొను ఎదిరి తటస్థించినపుడు నిఖత్ ముందుకు దుమికి దానిని గెలిచికొనవలసివచ్చుచున్నది. దుమికిన పిమ్మట దగ్గరనుండి చేయవలసిన పని చేతులకు తోచుట లేదు. సోఫియాలో కాళ్లు మిక్కిలి వేగముగా నున్నందున ఆ లోపము కప్పబడినది. కాళ్ల వేగము వయస్సుతో తగ్గునది. దగ్గరి యుద్ధపు నేర్పు వయస్సుతో పెరుగునది. ముప్పదిరెండేండ్లనాటి కామె యే నిధిని కూడబెట్టుకొనవలెనో దీనినిబట్టి తెలియును.

వయస్సు చాలినదను మా మిత్రునికి బదులు చెప్పుట సులభము. 2018 నవంబరులో ఢిల్లీలో ఆరవమారు ప్రపంచవిజేత యైననాడు మేరీ కోమునకు ముప్పదియారవ యేడు నిండవచ్చినది. ఈ బాక్సింగున నలువది యేండ్లవరకు నియమమే యడ్డుచెప్పదు.

వయస్సుకంటె పెద్ద పగవాడు త్రాసు. ఈ సంగతిని మన పత్రికలు సరిగా పట్టించుకొనలేదు గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాను. నిఖత్ 2016లో అస్తానా ప్రపంచపోటీలయందు 54 కిలోల తరగతిలో పోరాడెను, 2019లో 51, 2022లో ఇస్తాంబులున 52, అదే యేట బర్మింగ్‌హామున 50, పారిసులోను 50, 2025 నుండి మరల 51. దర్జీవానియొద్ద పెరుగు పిల్లవాని కొలతలవలె నున్నవి గాని, యివి పెరుగుటచేత వచ్చినవి కావు. పోటీలు నడపువారు తరగతుల హద్దులను మార్చుచు పోయిరి. ఆమె శరీర మా హద్దుల వెంట పరుగిడినది. పారిసు క్రీడలలో స్త్రీలకు 50, 54 కిలోల తరగతులు గలవు. నడుమ 52 లేదు. ప్రపంచవిజేతయైన తరగతిని విడిచి, రెండు కిలోలు పైవారితోనైనను పోరాడవలెను, లేక రెండు కిలోలు మాంసము తన మేనినుండి తీసి యీయవలెను. రెండవది యామె యెన్నుకొనెను.

తూకము ముందటి దినముతో తీరిపోవునది కాదు. ఒలింపిక్కులలో పోటీ యున్న ప్రతి యుదయమును త్రాసెక్కవలెను. 2024 ఆగస్టు 1వ తేదీన పారిసున రెండవ పోటీలో చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5గా నోడిన పిమ్మట, బరువుకై రెండు దినములు తిండియు నీరును మానవలసివచ్చినదని నిఖత్ పత్రికలవారితో చెప్పెను. నీరులేని దేహమున మొదట చచ్చునవి కాళ్లు! ఆమె బలమంతయు కాళ్లలో నున్నదని పైన వ్రాసితిని. అదే పారిసునందు, అదే వారమున కాకున్నను మఱు వారమున, కుస్తీలో అదే 50 కిలోల అంకెకు నూఱు గ్రాము లెక్కువయైనదని వినేశ్ ఫోగట్టును ఫైనలునుండి తొలగించిరి. ఆ నూఱు గ్రాములకు దేశమంతయు కన్నీరు పెట్టినది. నిఖత్ త్రాసు గెలిచి బరిలో ఓడినది గనుక ఆమె యాకలిని గూర్చి యడిగినవా రరుదు.

పారిసు లెక్కలో ఇంకొక యన్యాయమును చెప్పవలెను. బలవంతులు మొదటనే యొకరితో నొకరు తలపడకుండ వేఱువేఱు భాగములలో నుంచు ఏర్పాటును సీడింగు అందురు. రెండుమారులు ప్రపంచవిజేతయైన నిఖత్తునకు అందు స్థానము లేకపోయెను. అందుచేత మొదటి పోటీలో జర్మను యువతి మాక్సి క్లోట్జరును 5-0గా గెలిచిన వెంటనే, ఆ తరగతిలో మొదటి స్థానమున నుంచబడిన వూ యూ ఎదురుపడెను. ఆ చైనా యువతియే తుదకు ఫైనలున చాకిరోగ్లును గెలిచి స్వర్ణము తీసికొనెను. నిఖత్ ఓడినది స్వర్ణవిజేత చేతిలో. రెండవ పోటీలో కాక ఫైనలులో నోడియుండిన రజతము దక్కెడిది. అయినను దీనిని సాకుగా చేయుటకు నాకు మనసొప్పదు. ఐదుగురును వూ యూ పక్షమే చెప్పిరి. ఆనాడు వేగమున, ఎడమును పాలించుటలో చైనా యువతి యధికురాలు. ఆకలి తీసివేసినను ఎంత మిగులునో, దానికి సమాధానము సాధనయందే వెదకవలెను గాని విధియందు కాదు.

లాస్ ఏంజిలిసులో 51 కిలోల తరగతి గలదు. ఒక్క కిలో. పఠనమందిరమున కూర్చున్న మన కది రెండుపూటల భోజనపు బరువు. ఆమెకు రెండు దినముల నీరు. గ్రేటర్ నోయిడాలో నామె కాళ్లు మరల పూర్వపు చురుకుదనముతో కదలినవనిపించుటకు ఇదియు నొక కారణము కావచ్చునని నా నమ్మకము. కాని యా గెలుపునుబట్టి లివర్‌పూలు మఱచిపోవు మొదటి మిత్రునితో నేను ఏకీభవింపజాలను. స్వదేశమున, మనవారి కేకల నడుమ గెలిచిన పోటీ వేఱు. లోనికి జొరబడి రెండవ విడత లాగుకొనగల ఎదిరిని గెలుచుట వేఱు.

అట్లయిన చేయవలసినదేమి? సన్మానములు జరిగినవి. 2022లో తెలంగాణ ప్రభుత్వము రెండుకోట్ల రూపాయలును, ఇంటిస్థలమును ప్రకటించినది. 2024లో పోలీసు శాఖయందు డి.ఎస్.పి. యుద్యోగ మిచ్చినది. మంచిదే, తప్పు పట్టను. కాని గెలిచినవారి కిచ్చు సొమ్ము గెలుపును కలిగింపదు. సాధనలో నామె యెదుట నిలుచువా రెవరను ప్రశ్నయే ముఖ్యము. ఆమె శైలివంటి శైలిగలవారు నలుగురు చుట్టునుండిన ఫలము లేదు. తల వంచుకొని మీదికి వచ్చువారు, విడిపించుకొననీయనివారు, పట్టుకొన్న చేతిని వదలించుకొని నడుమున కొట్టువారు దినదినము కావలెను. వారు దొరకనియెడల విదేశములనుండి పిలిపింపవలెను, లేదా యామెను నెలల తరబడి వారి నడుమకు పంపవలెను. ఇందుకు రెండుకోట్లు పట్టవు. మఱియొక ప్రశ్న నన్ను పీడించుచున్నది. పదునారేండ్ల క్రిందట ఆడుపిల్లలు లేక మగపిల్లలతో పోరాడి, తుదకు విశాఖకు పోవలసివచ్చిన పిల్ల యీమె. నేడు నిజామాబాదులోనో, కరీంనగరులోనో పండ్రెండేండ్ల పిల్ల చేతితొడుగులు తొడుగుకొనిన, ఆమె కెదురుగా నిలుచుట కీడైన పిల్లలు ఎందఱు గలరు? దగ్గరి యుద్ధము ఆ వయస్సున, ఆ గుంపులో నేర్చుకొనునది. ముప్పదియవ యేట నేర్చుట, పెద్దలైన పిదప పరాయిభాష నేర్చుటవంటిది. మాట వచ్చును గాని తడబాటు పోదు.

నిఖత్ ఆ తడబాటును పోగొట్టుకొనగలదా? పోగొట్టుకొనగలదనియే నేను పందెము వేయుదును; 2019 డిసెంబరునాటి యోటమిని జీర్ణించుకొన్నవారికి నేర్చుకొను శక్తి కొదువ యుండదు. ఒలింపిక్ ఫైనలువరకు నిశ్చయముగా పోగలదని మాత్రము వ్రాయజాలను. అటులని వ్రాసినచో మొదటి మిత్రుడు నా పత్రికను చట్టము కట్టించి గోడకు తగిలించును. రెండవవాడు చందా మానును.

ఇరువురితోను ఒక యొడంబడిక చేసికొంటిని. ఆమె తదుపరి పోటీని మందిరములోని టెలివిజను ముందర ముగ్గురమును కలసి చూతుము. మొదటి విడత ఎట్లు పోయినను సరే, రెండవ విడత గంట మ్రోగగానే చేతులను చూడరాదు, పాదములను చూడవలెను. ఎదిరి లోనికి జొచ్చిన యా రెండు క్షణములలో నిఖత్ పట్టుకొనుచున్నదా, కొట్టుచున్నదా యని యెవరికి వారు కాగితముపై గుర్తు వేయవలెను. విడత ముగిసినదాక నోరు మెదపరాదు. మొదటి మిత్రు డందుల కొప్పుకొనెను. రెండవవాడు కాగితము నడుగుటకు కార్యదర్శిగారి గదిలోనికి పోయెను.